శాంపిల్ పాలలా ఉందన్నారు, మళ్లీ రక్తం ఇవ్వాలా? లైపీమిక్ శాంపిల్స్‌పై తరచుగా అడిగే ప్రశ్నలు

ల్యాబ్‌లో బయోకెమిస్ట్రీ మెషీన్ దగ్గర పనిచేసేవాళ్లకి ఇష్టం లేని పని ఒకటుంది. పేషెంట్‌కి ఫోన్ చేసి "మీ శాంపిల్ మిల్కీగా ఉందండీ, రేపు పరగడుపున మళ్లీ రావాలి" అని చెప్పడం. అవతలి నుంచి దాదాపు ఎప్పుడూ ఒకటే జవాబు: "నిన్ననే ఇచ్చాంగా, మళ్లీ సూదా?" ఆ కోపం న్యాయమైనదే. కానీ ఫోన్ చేసిన ల్యాబ్ కన్నా, ఫోన్ చేయకుండా అంకెలు ప్రింట్ చేసి పంపేసే ల్యాబ్ గురించే ఎక్కువ భయపడాలి. ఎందుకో కింది జవాబులు చదివితే తెలుస్తుంది.

"మిల్కీ", "లైపీమిక్" అంటే ఏమిటి?

తీసిన రక్తాన్ని సెంట్రిఫ్యూజ్‌లో తిప్పితే ఎర్రకణాలు అడుక్కి చేరి, పైన లేత పసుపు రంగు ద్రవం తేలుతుంది. అదే సీరమ్ లేదా ప్లాస్మా. మామూలుగా ట్యూబు వెనక పేపరు పెట్టి అక్షరాలు చదవగలిగేంత తేటగా ఉంటుంది. రక్తంలో తిరిగే ఒక రకం కొవ్వు, ట్రైగ్లిజరైడ్లు పెరిగితే ఆ తేటదనం పోతుంది. అలాంటి శాంపిల్‌నే లైపీమిక్ అంటారు. డెసిలీటరుకి సుమారు 300 మిల్లీగ్రాములు దాటాక కంటికి మసకగా కనిపించడం మొదలై, వేలల్లోకి వెళ్లేసరికి అచ్చం పాలలా మారుతుంది. అదే ట్యూబులో ఎర్రకణాలు కూడా కొన్ని పగిలి ఉంటే రోజ్‌మిల్క్ రంగు వస్తుంది. మొదటిసారి చూసిన ట్రైనీలు నోరు తెరుస్తారు.

అంటే నాకు కొలెస్ట్రాల్ ఎక్కువగా ఉందనా?

కాదు, చాలామంది ఇక్కడే పొరబడతారు. చెడు కొలెస్ట్రాల్ అని పిలిచే ఎల్‌డీఎల్ 300 ఉన్న మనిషి సీరమ్ కూడా అద్దంలా తేటగా ఉండొచ్చు. కారణం సైజు. ఎల్‌డీఎల్ కణం 20 నుంచి 25 నానోమీటర్లు ఉంటుంది, మంచి కొలెస్ట్రాల్ అనే హెచ్‌డీఎల్ ఇంకా చిన్నది. వెలుతురుని అడ్డుకునేంత సైజు వాటికి లేదు. మసక తెచ్చేవి రెండు: తిన్న కొవ్వును పేగుల నుంచి మోసుకొచ్చే కైలోమైక్రాన్లు, లివర్ తయారుచేసే వీఎల్‌డీఎల్. కైలోమైక్రాన్లు కొన్ని 1000 నానోమీటర్ల దాకా ఉంటాయి. రెండూ ప్రధానంగా ట్రైగ్లిజరైడ్లనే మోస్తాయి. కాబట్టి తెల్లటి సీరమ్ చెప్పేది ట్రైగ్లిజరైడ్ల గురించి. గుండె రక్తనాళాల్లో ఏముందో ఆ రంగు చూసి చెప్పలేం.

రక్తంలో కొవ్వు ఉంటే షుగర్, లివర్ పరీక్షలు ఎందుకు తప్పాలి? వాటికీ దీనికీ సంబంధం ఏమిటి?

సంబంధం మీ ఒంట్లో లేదు, మెషీన్లో ఉంది. ల్యాబ్ మెషీన్లు ఎక్కువ శాతం కాంతితో కొలుస్తాయి. సీరమ్‌లో రీయేజెంట్, అంటే పరీక్షకి వాడే రసాయనం కలిపితే రంగో, కాంతిని పీల్చుకునే పదార్థమో మారుతుంది. దాని గుండా కాంతి పంపి, అవతల ఎంత వచ్చిందో చూసి లెక్క కడతారు. మంచు పడ్డ పొద్దున హైవే మీద హెడ్‌లైట్ వేస్తే ఏమవుతుంది? వెలుతురు చెదిరిపోతుంది. కొవ్వు కణాలు ట్యూబులో చేసేదీ అదే. కాంతి తగ్గింది కదా, పదార్థం ఎక్కువ ఉందేమో అని మెషీన్ అనుకుంటుంది, లేదా లెక్క తేలక ఫ్లాగ్, అంటే హెచ్చరిక ఇచ్చి చేతులెత్తేస్తుంది.

తరంగదైర్ఘ్యం తగ్గేకొద్దీ ఈ చెదరడం పెరుగుతుంది. అందుకే 340 నానోమీటర్ల దగ్గర కొలిచే పరీక్షలు ఎక్కువ దెబ్బతింటాయి. లివర్ పరీక్షల్లో ఎస్‌జీపీటీ, ఎస్‌జీఓటీ అనే ఎంజైముల్ని అక్కడే కొలుస్తారు. ఫాస్ఫరస్‌ని కూడా చాలా మెషీన్లు అక్కడే కొలుస్తాయి. అయితే ఎంజైముల విషయంలో ఒక ఊరట ఉంది. మెషీన్ నిమిష నిమిషానికీ వచ్చే తేడాని చూస్తుంది కాబట్టి, మసక కొద్దిగా ఉంటే అది లెక్కలో కొట్టుకుపోతుంది. బాగా ఎక్కువైతే మాత్రం కొలవగలిగే హద్దు దాటేస్తుంది.

కాంతిని చెదరగొట్టడం కాకుండా, కొవ్వు ఫలితాన్ని తప్పించే రెండో దారి చోటు ఆక్రమించడం. దాని గురించి సోడియం ప్రశ్నలో చెబుతాను.

ఏ పరీక్ష పెరుగుతుంది, ఏది తగ్గుతుంది? ఒక లిస్టు ఇవ్వరాదా?

ఇవ్వలేను, ఇచ్చినా అది మిమ్మల్ని తప్పుదారి పట్టిస్తుంది. ఒకే పరీక్ష ఒక కంపెనీ మెషీన్లో పెరిగి, ఇంకో కంపెనీ మెషీన్లో తగ్గొచ్చు. వాడే రీయేజెంట్, తరంగదైర్ఘ్యం, శాంపిల్‌ని ఎంత పలచన చేస్తారన్నది వేరువేరుగా ఉండటమే కారణం. అందుకే ప్రతి కిట్‌తో వచ్చే కాగితంలో ఎంత కొవ్వు దాకా ఈ ఫలితం నమ్మొచ్చో రాసి ఉంటుంది. పక్కా అని చెప్పగలిగినవి కొన్ని మాత్రమే ఉన్నాయి. కింద విడివిడిగా చెప్పినవి అవే.

రక్తం గడ్డకట్టే పరీక్షల గురించి ఒక్క మాట. నీలం మూత ట్యూబులో తీసే పీటీ, ఏపీటీటీలను కాంతితో గడ్డని గుర్తించే మెషీన్లో చేస్తే ఇబ్బందే. గడ్డని యాంత్రికంగా, అంటే చిన్న ఉక్కు గోళీ కదలిక ఆగడాన్ని బట్టి పట్టే మెషీన్‌కి ఈ మసకతో పని లేదు.

మా నాన్నగారి సోడియం 129 అని వచ్చింది. మనిషి మామూలుగానే మాట్లాడుతున్నారు. శాంపిల్ లైపీమిక్ అని కింద రాశారు. ఏమిటిది?

ఇది కాస్త నిదానంగా చదవండి, ప్రాణం మీదకి తెచ్చే పొరపాటు ఇందులో ఉంది.

ప్లాస్మాలో మామూలుగా 93 శాతం నీళ్లు, మిగతా 7 శాతం ప్రొటీన్లు, కొవ్వులు. సోడియం ఉండేది ఆ నీళ్లలోనే. పెద్ద మెషీన్లు ప్లాస్మాని ఇంత అని కొలిచి తీసుకుని, పలచన చేసి, సోడియం చూసి, 93 శాతం నీళ్లే ఉన్నాయన్న నమ్మకంతో లెక్క చెబుతాయి. కొవ్వు బాగా పెరిగి నీళ్లు 86 శాతానికి పడిపోయాయనుకోండి. నీళ్లలో సోడియం గాఢత లీటరుకి 150 మిల్లీమోల్, అంటే సరిగ్గానే ఉంది. అయినా మెషీన్‌కి వెళ్లిన చుక్కలో నీళ్లే తక్కువ. 150లో 93 శాతం, అంటే 140 రావాల్సిన చోట 86 శాతమే, అంటే 129 వస్తుంది. పాలవాడు నీళ్లు కలిపితే పాలు తగ్గుతాయి కదా, ఇక్కడ కొవ్వు కలిసి నీళ్లు తగ్గాయి.

ఒంట్లో లేని ఈ లోటుని ఉందనుకుని, గాఢ సెలైన్ ఎక్కిస్తే నిజంగానే సోడియం పెరిగి మెదడుకి ప్రమాదం. విరుగుడు చాలా తేలిక. ఐసీయూల్లో ఉండే ఏబీజీ మెషీన్ (రక్తంలో ఆక్సిజన్ లాంటి వాయువుల్ని చూసేది) శాంపిల్‌ని పలచన చేయకుండా నేరుగా కొలుస్తుంది, దానికి ఈ తప్పు జరగదు. "ఏబీజీలో సోడియం ఒకసారి చూస్తారా డాక్టర్ గారూ?" అని అడగడంలో తప్పేమీ లేదు.

అలాగని ట్రైగ్లిజరైడ్లు 500 ఉన్నవాళ్లు సోడియం తగ్గిందంటే కొవ్వు మీదకి నెట్టేయకూడదు. ఈ తేడా లెక్కలోకి వచ్చేంత పెద్దది కావాలంటే కొవ్వు వేలల్లో ఉండాలి. 500కి వచ్చే తేడా ఒక్క అంకె కూడా ఉండదు. అప్పుడు సోడియం నిజంగానే తగ్గి ఉంటుంది, కారణం వేరే వెతకాలి.

హిమోగ్లోబిన్ 16.2 వచ్చింది, పోయిన నెల 13 ఉండేది. రక్తం పట్టిందని సంతోషించాలా?

ఆగండి. సీబీసీ (రక్తకణాల పరీక్ష) రిపోర్టులో ఎంసీహెచ్‌సీ అనే గడి చూడండి. ఎర్రకణాల్లో హిమోగ్లోబిన్ ఎంత చిక్కగా ఉందో చెప్పే అంకె అది. మామూలుగా 32 నుంచి 36 మధ్య ఉంటుంది. మీది 41 అని ఉంటే ఆ 16.2ని అనుమానించాలి. ఎర్రకణంలో అంతకన్నా హిమోగ్లోబిన్ కుక్కడానికి చోటే ఉండదు.

హిమోగ్లోబిన్‌ని కణాలు పగలగొట్టి కాంతితో కొలుస్తారు, కాబట్టి తెల్లటి ప్లాస్మా దాన్ని అబద్ధంగా పెంచుతుంది. ఎర్రకణాల సంఖ్యని వేరే పద్ధతిలో లెక్కపెడతారు, అది పెద్దగా మారదు. అందుకే రెండూ పొంతన తప్పుతాయి. పాత టెక్నీషియన్లు మెషీన్ ఫ్లాగ్ కోసం ఎదురుచూడరు. హిమోగ్లోబిన్‌ని మూడుతో గుణించి హెమటోక్రిట్ (రక్తంలో ఎర్రకణాల శాతం) పక్కన పెట్టి చూస్తారు. 13 మూళ్లు 39, హెమటోక్రిట్ 39, సరిపోయింది. 16.2 మూళ్లు 48.6, హెమటోక్రిట్ మాత్రం 39. సరిపోలేదంటే ఊదా మూత ట్యూబు తిప్పి పైన ప్లాస్మా చూస్తారు. పాలలా ఉంటే ఆ ప్లాస్మా తీసేసి, అంతే సెలైన్ పోసి, కలిపి, మళ్లీ రన్ చేస్తారు. మెషీన్ల మీద నాకు గౌరవమే, కానీ ఈ మూడో ఎక్కం పట్టుకున్నన్ని తప్పులు వేరే ఏదీ పట్టుకోవడం నేను చూడలేదు.

ఒక్కోసారి మెషీన్ కొవ్వు బిందువుల్ని ప్లేట్‌లెట్లుగా లెక్కపెట్టి ఆ సంఖ్యని కూడా పెంచుతుంది. డెంగీ సీజన్‌లో ఇది గుర్తుండాలి.

లిపిడ్ ప్రొఫైల్‌లో ఎల్‌డీఎల్ 75 వచ్చింది. ట్రైగ్లిజరైడ్లు మాత్రం 650. ఎల్‌డీఎల్ బాగుందిగా, ఇంకేం టెన్షన్?

ఆ 75 ఎక్కడి నుంచి వచ్చిందో చూద్దాం. చాలా ల్యాబ్‌లు ఎల్‌డీఎల్‌ని కొలవవు, లెక్క కడతాయి. 1972లో ఫ్రీడ్‌వాల్డ్, ఆయన సహచరులు ఇచ్చిన సూత్రం అది: మొత్తం కొలెస్ట్రాల్‌లోంచి హెచ్‌డీఎల్ తీసేయాలి, ట్రైగ్లిజరైడ్లలో ఐదో వంతు కూడా తీసేయాలి. మొత్తం 240, హెచ్‌డీఎల్ 35 అనుకుంటే, 240 లోంచి 35, ఆపైన 130 పోగా మిగిలింది 75. లెక్క తప్పు కాదు. లెక్క వేయకూడని చోట వేశారు, అంతే. ట్రైగ్లిజరైడ్లు 400 దాటితే ఈ సూత్రం పనికిరాదని దాన్ని తయారుచేసినవాళ్లే చెప్పారు. ఆ స్థితిలో ఐదో వంతు అన్నది అతిగా తీసేసినట్టవుతుంది, ఎల్‌డీఎల్ అసలు కన్నా తక్కువగా కనిపిస్తుంది.

అప్పుడు చూడాల్సిన అంకె రిపోర్టులోనే ఉంటుంది. మొత్తం కొలెస్ట్రాల్‌లోంచి హెచ్‌డీఎల్ ఒక్కటీ తీసేయండి. ఇక్కడ 205. దీన్ని నాన్-హెచ్‌డీఎల్ అంటారు. 75 చూసి నవ్వుకున్న మొహం 205 చూస్తే అలా ఉండదు. డైరెక్ట్ ఎల్‌డీఎల్ అని విడిగా కొలిచే పరీక్ష ఉంది, కాకపోతే మరీ పాలలాంటి శాంపిల్లో దాన్నీ పూర్తిగా నమ్మలేం.

కడుపునొప్పితో ఎమర్జెన్సీకి వెళ్తే అమైలేజ్ నార్మల్ అన్నారు, తర్వాత పాంక్రియాస్ వాపు అన్నారు. ల్యాబ్ తప్పా?

కాకపోవచ్చు. ట్రైగ్లిజరైడ్లు 1000 దాటితే పాంక్రియాస్ వాచే ముప్పు మొదలవుతుంది. తమాషా ఏమిటంటే, ఆ వాపుకి కారణమైన కొవ్వే ఆ వాపుని పట్టించే అమైలేజ్ (పాంక్రియాస్ ఎంజైమ్) పరీక్షని దాచిపెట్టొచ్చు. శాంపిల్‌ని పలచన చేసి మళ్లీ చూస్తే ఒక్కోసారి అసలు అంకె బయటపడుతుంది. లైపేజ్ పరీక్ష, స్కాన్ ఉపయోగపడతాయి. ఇలాంటి కేసులో ల్యాబ్ ఇవ్వగలిగిన అన్నిటికన్నా విలువైన సమాచారం "సీరమ్ పాలలా ఉంది" అన్న ఒక్క ముక్క. అది రిపోర్టుకెక్కకపోతేనే ల్యాబ్ తప్పు. పై పొట్టలో మొదలై వీపులోకి పోటెత్తే నొప్పి, వాంతులు ఉంటే మాత్రం రిపోర్టులు చదువుతూ కూర్చోకుండా ఆస్పత్రికి వెళ్లండి.

మసకని ల్యాబ్ వాళ్లు కంటితో చూసి చెబుతారా?

చిన్న ల్యాబ్‌లలో అంతే. పెద్ద మెషీన్లు ప్రతి శాంపిల్‌కీ మూడు సూచికలు ఇస్తాయి: కణాలు పగిలాయా, కామెర్ల పసుపు ఉందా, కొవ్వు మసక ఉందా. కన్ను ఒక్కో మనిషికి ఒక్కోలా చూస్తుంది కాబట్టి సూచికే మేలు. కానీ ఆ మసక సూచికని ట్రైగ్లిజరైడ్ల అంకె అనుకోకూడదు. కిట్ కంపెనీలు ఈ హద్దుల్ని ఎక్కువగా ఇంట్రాలిపిడ్ అనే సోయా నూనె ఎమల్షన్ కలిపి పరీక్షిస్తాయి. ఐసీయూలో సెలైన్‌లా ఎక్కించే కొవ్వు అది. మనిషి ఒంట్లోని కణాలు వేరువేరు సైజుల్లో ఉంటాయి. ఒకే ట్రైగ్లిజరైడ్లున్న ఇద్దరిలో ఒకరిది మసకగా, ఇంకొకరిది దాదాపు తేటగా ఉండొచ్చు.

ఆ కొవ్వేదో తీసేసి పరీక్ష చేయొచ్చుగా? మళ్లీ గుచ్చడం దేనికి?

కొన్నిసార్లు చేస్తారు. మామూలు సెంట్రిఫ్యూజ్ వేగం చాలదు. 10,000 జి (భూమి ఆకర్షణకి పదివేల రెట్లు), ఆపైన తిప్పితే కైలోమైక్రాన్లు మీగడలా పైకి తేలతాయి, కింది తేట ద్రవం తీసుకుని పరీక్ష చేస్తారు. అల్ట్రాసెంట్రిఫ్యూజ్ ఉంటే ఇంకా బాగా పనిచేస్తుంది, అది అన్నిచోట్లా ఉండదు. కొవ్వుని అంటిపెట్టుకుని దిగిపోయే రసాయనాలు దొరుకుతాయి. పలచన చేయడం ఇంకో దారి. ప్రతిదానికీ ఒక ఇబ్బంది ఉంది. రసాయనం కొన్ని పరీక్షల ఫలితాన్నే మార్చేస్తుంది. కొవ్వులో కరిగే మందుల మోతాదు చూడాలంటే మందు కూడా మీగడతో పోతుంది. మీగడ తీసేసిన శాంపిల్లో ట్రైగ్లిజరైడ్లు, కొలెస్ట్రాల్ చూడటం వెన్న తీసిన మజ్జిగలో వెన్న వెతకడమే. పేషెంట్ రాగలిగితే, తొందర లేకపోతే, పరగడుపున ఇంకో శాంపిలే మంచిది.

పరగడుపు అంటే ఎన్ని గంటలు? నీళ్లు తాగొచ్చా?

12 గంటలు. రాత్రి 8కి భోంచేసి పొద్దున 8కి ఇవ్వండి. మంచినీళ్లు తాగొచ్చు, తాగితే నరం కూడా బాగా దొరుకుతుంది. పాలు కలిపిన కాఫీ, టీ వద్దు. "కొంచెమే తాగానండీ" అంటారు, పరగడుపులో కొంచెం అన్నది లేదు. ముందు రోజు మద్యం వద్దు, అది లివర్ నుంచి ట్రైగ్లిజరైడ్లని పెంచుతుంది. పెళ్లి భోజనం, బిర్యానీ తిన్న మర్నాడు మాస్టర్ చెకప్ పెట్టుకోకండి. 12 మంచిదైతే 18 ఇంకా మంచిదేమో అని మాడకండి, అది వేరే అంకెల్ని మారుస్తుంది. షుగర్ మాత్రలు, ఇన్సులిన్ ఎప్పుడు వేసుకోవాలో మాత్రం డాక్టర్‌నే అడగండి.

తిన్నాక రెండు గంటలకి షుగర్‌కి ఇస్తాం కదా, అప్పుడే మిగతావీ ఇచ్చేస్తే పోలా?

పోదు, మసక శాంపిళ్లు తయారయ్యే పద్ధతుల్లో ఇదొకటి. నాలుగు పూరీలు తిని, రెండు గంటలకి వచ్చి, "పొద్దున కుదరలేదు, లివర్, కిడ్నీ, కొలెస్ట్రాల్ అన్నీ ఇందులోనే చేసేయండి" అంటారు. అప్పటికి కైలోమైక్రాన్లు ఊరేగింపులో ఉంటాయి. మిగతావన్నీ పొద్దున పరగడుపు ట్యూబులో ఇచ్చేయండి. తిన్న తర్వాతది షుగర్ ఒక్కదానికే ఉంచండి.

కొలెస్ట్రాల్‌కి పరగడుపు అక్కర్లేదని ఇప్పుడు అంటున్నారుగా?

నిజమే. 2016లో యూరప్ నిపుణుల సంఘాలు మామూలు లిపిడ్ ప్రొఫైల్‌కి పరగడుపు తప్పనిసరి కాదని ఉమ్మడిగా చెప్పాయి. తిన్నాక ఇచ్చిన శాంపిల్లో ట్రైగ్లిజరైడ్లు 440 దాటితే పరగడుపున మళ్లీ చూడమని కూడా అందులోనే ఉంది. ఆ మాట లిపిడ్ ప్రొఫైల్ గురించి, దాంతో పాటు చేసే మిగతా ఇరవై పరీక్షల గురించి కాదు. మనవాళ్లు ఒకే గుచ్చుడుతో ప్యాకేజీ మొత్తం చేయిస్తారు కాబట్టి, నా ఓటు ఇప్పటికీ పరగడుపుకే.

12 గంటలు పస్తున్నా తెల్లగానే వచ్చింది. ఇప్పుడేంటి?

ఇప్పుడది శాంపిల్ సమస్య కాదు, మీ సమస్య. ఆరోగ్యంగా ఉన్నవాళ్లలో రాత్రి తిన్న కొవ్వు పొద్దున్నకి రక్తంలోంచి వెళ్లిపోవాలి. వెళ్లలేదంటే అదుపు తప్పిన షుగర్, మద్యం, థైరాయిడ్ తగ్గడం, కిడ్నీల్లోంచి ప్రొటీన్ పోవడం, స్టెరాయిడ్లు, ఈస్ట్రోజన్ లాంటి మందులు కారణం కావచ్చు. అరుదుగా పుట్టుకతో వచ్చే లోపం ఉంటుంది. కొవ్వుని విడగొట్టే లైపోప్రొటీన్ లైపేజ్ ఎంజైమ్ పనిచేయకపోవడం అందులో ఒకటి. చిన్నపిల్లల్లో పదే పదే కడుపునొప్పి, ఒంటి మీద పసుపు రంగు పొక్కులు కనిపిస్తే దాన్ని అనుమానిస్తారు. ఏ కారణమైనా, "రీశాంపిల్ కూడా అలాగే వచ్చింది" అని వదిలేయకుండా ఫిజీషియన్‌కి చూపించండి.

దీనికి ఖర్చు లేని పాత పరీక్ష ఒకటుంది. సీరమ్‌ని రాత్రంతా ఫ్రిజ్‌లో కదల్చకుండా ఉంచుతారు. పొద్దున పైన మీగడ కడితే కైలోమైక్రాన్లు, మీగడ లేకుండా మొత్తం మసకగానే ఉంటే వీఎల్‌డీఎల్. రెండూ ఉంటే రెండూ. ఇది ల్యాబ్‌లో చేసేది, ఇంట్లో కాదు.

ఐసీయూలో ఉన్నవాళ్లని పరగడుపున ఉంచలేం కదా?

లేం. నరంలోకి కొవ్వు ఎమల్షన్ ఎక్కిస్తుంటే, వీలైతే ఆపిన 8 గంటల తర్వాత శాంపిల్ తీయాలి. మత్తుకిచ్చే ప్రొపోఫాల్ కూడా కొవ్వు ఎమల్షన్‌లోనే వస్తుంది, చూడటానికి పాలే. ఆ గొట్టంలోంచే రక్తం లాగితే పాలనే పరీక్షకి పంపినట్టు. రిక్వెస్ట్ ఫారం మీద నర్సమ్మ "లిపిడ్ నడుస్తోంది" అని రెండు ముక్కలు రాస్తే ల్యాబ్‌లో అరగంట కలిసొస్తుంది.

రిపోర్టు కింద "లైపీమిక్ శాంపిల్" అని రాసి అంకెలు ఇచ్చేశారు. ఏం అడగాలి?

రెండే అడగండి. ఏయే పరీక్షల మీద దీని ప్రభావం ఉంది? కొవ్వు తీసి చేశారా, అలాగే చేశారా? మంచి ల్యాబ్ విసుక్కోకుండా చెబుతుంది. డాక్టర్ దగ్గరికి వెళ్లినప్పుడు ఆ కామెంట్ ఉన్న పేజీ చూపించండి. వాట్సాప్‌లో అంకెల పేజీ మాత్రమే ఫార్వర్డ్ చేసి కామెంట్ పేజీ వదిలేయడం చాలా ఇళ్లల్లో జరుగుతోంది.

రక్తదానానికి కూడా పరగడుపున వెళ్లాలా?

వద్దు వద్దు, కళ్లు తిరుగుతాయి. తినే వెళ్లండి, ఇడ్లీలాంటిది. నేతి పెసరట్టు, బజ్జీలు తిని వెళ్తే మీరిచ్చిన రక్తంలో ప్లాస్మా తెల్లగా వచ్చి, ఆ ప్లాస్మా సంచిని పక్కన పడేయాల్సి రావచ్చు.